మెట్ల గీత, నున్నని గీత

పిల్లలూ, మీ లెక్కల గళ్ళ నోటుబుక్కు తెరిచి ఒక చిన్న పని చేసి చూడండి. ఒక మూల నుంచి ఏటవాలుగా పైకి పోయే గీత గియ్యాలి. కాని పెన్సిలును ఇష్టం వచ్చినట్టు నడపరాదు. ప్రతి గడినీ నిండా నల్లగా దిద్దాలి, లేదా పూర్తిగా తెల్లగా వదిలెయ్యాలి. సగం గడి దిద్దటానికి వీల్లేదు.

ఏమవుతుంది? మూడు గడులు అడ్డంగా దిద్ది, ఒక గడి పైకి ఎక్కుతారు. మళ్ళీ మూడు గడులు, మళ్ళీ ఒక మెట్టు. ఎంత జాగ్రత్తగా చేసినా మీకు వచ్చేది గీత కాదు, మెట్ల వరస. ఇప్పుడు ఆ నోటుబుక్కును గోడకు ఆనించి బాగా దూరం వెనక్కు నడిచి చూడండి. మెట్లు కరిగిపోయి గీత లక్షణంగా కనిపిస్తుంది.

ఈ ఆటలో ఉన్న సంగతే కంప్యూటరులో బొమ్మలు వేసేవారికి రోజూ ఎదురవుతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో మగ్గం మీదా, ఇత్తడి మీదా, గుడ్డ మీదా బొమ్మలు తీర్చేవారికి కూడా ఇది అక్కరకు వచ్చే సంగతే. అదెట్లాగో చూద్దాం.

తెర కూడా గళ్ళ కాగితమే

కంప్యూటరు తెర మీద కనిపించే బొమ్మ అంతా చిన్న చిన్న చదరపు గడులతో తయారవుతుంది. ఒక్కొక్క గడిని పిక్సెలు అంటారు. మామూలు తెర ఒకదానిలో అడ్డంగా 1920 గడులు, నిలువుగా 1080 గడులు ఉంటాయి. హెచ్చవేసి చూడండి: 20,73,600 గడులు! ప్రతి గడికీ ఒక సమయంలో ఒకే రంగు. గడిలో సగం ఎరుపు, సగం తెలుపు ఉండటమనేది లేదు.

ఇరవై నాలుగు అంగుళాల తెర మీద ఒక గడి వెడల్పు మిల్లీమీటరులో సుమారు మూడో వంతుకు కాస్త తక్కువ. మంచి చూపు ఉన్నవారి కన్ను మీటరు దూరం నుంచి మిల్లీమీటరులో మూడో వంతు ఎడం ఉన్న రెండు చుక్కలను విడివిడిగా గుర్తించగలదు. మనం తెర ముందు కూచునేది అంతకంటే దగ్గరగా, అర మీటరు దూరంలో. అందుచేత ఏటవాలు గీతల్లోని మెట్లు కంటికి చిక్కుతాయి. అంచు రంపపు పళ్ళలాగా కనిపిస్తుంది.

ఈ రంపపు పళ్ళను పోగొట్టటానికి శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం కనిపెట్టారు. 1977లో ఫ్రాంక్లిన్ క్రో అనే అమెరికను శాస్త్రజ్ఞుడు దీన్ని గురించి రాసిన వ్యాసం చాలా ప్రసిద్ధి చెందింది. ఉపాయం ఇది: నల్లని గీత తెల్ల కాగితం మీదుగా పోతూ ఒక గడిని సగం మాత్రమే కప్పిందనుకోండి. ఆ గడిని నల్లగానూ కాకుండా, తెల్లగానూ కాకుండా, సగం బూడిద రంగులో ఉంచాలి. ముప్పాతిక కప్పితే ముదురు బూడిద. పాతిక కప్పితే లేత బూడిద.

కంప్యూటరు లెక్కలో నలుపు 0, తెలుపు 255. ముప్పాతిక కప్పబడిన గడికి సుమారు 64, సగం కప్పబడిన గడికి 128, పాతిక కప్పబడిన గడికి 191 వేస్తారు. ఇట్లా అంచు పొడుగునా మధ్యరకం రంగులు అద్దితే, దూరం పోకుండానే మన కన్ను మోసపోతుంది. మెట్లున్న చోట నున్నని గీత ఉన్నదనుకుంటుంది.

దీని ఇంగ్లీషు పేరు యాంటీఏలియాసింగు. పేరు నోరు తిరగకపోయినా అందులో మనకు తెలిసిన మాటే ఉన్నది. పత్రికల్లో "ఫలానా రాముడు అలియాస్ రాజు" అని రాయటం మీరు చూసే ఉంటారు. అలియాస్ అంటే మారుపేరు. ఉన్న వస్తువు మారువేషం వేసుకుని, లేని వస్తువులా కనిపించటమే ఏలియాసింగు. సినిమాలో బండి ముందుకు పరిగెత్తుతూ ఉంటే చక్రం వెనక్కు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది చూశారా? అది కూడా ఏలియాసింగే. కెమేరా తీసే బొమ్మకూ బొమ్మకూ మధ్య చక్రం ఎంత తిరిగిందీ కన్నుకు తెలియక, అది అడ్డదారి పట్టి ఆలోచిస్తుంది. నున్నని గీత మెట్లుగా కనిపించటం అటువంటి మారువేషమే. దాన్ని విప్పే ఉపాయం కనక "యాంటీ" అన్నారు.

ఇంత మంచి ఉపాయం ఉండగా, దాన్ని ఎవరైనా ఎందుకు ఆపుకుంటారు? ఆపక తప్పనివారు ఉన్నారు. వారిలో మొదటివాడు నేతగాడు.

దారానికి బూడిద రంగు తెలియదు

జనగామ జిల్లాలో కొడకండ్ల చేనేత కుటుంబాలున్న ఊరు. భూపాలపల్లి జిల్లాలో గోదావరి ఒడ్డు అడవుల పక్కన ఉన్న మహదేవపూర్ దసలి పట్టుకు పేరు పడింది. అడవిలో మద్ది చెట్ల ఆకులు తిని పెరిగే పురుగులు కట్టిన గూళ్ళ నుంచి ఈ పట్టు తీస్తారు. జనగామకు పడమట పక్కనే ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లాలో పోచంపల్లి, పుట్టపాక ఉన్నాయి. అక్కడ నేసే చీరల మీది బొమ్మలు ప్రపంచమంతా చూసింది.

బట్టలో రెండు రకాల దారాలుంటాయి. నిలువుగా మగ్గం మీద బిగించి ఉంచేవి పడుగు. అడ్డంగా నాడెతో అటూ ఇటూ పోయేవి పేక. ఈ రెండూ దాటుకునే ప్రతి చోటా పడుగు పైనుంటుంది, లేదా పేక పైనుంటుంది. మూడో దారి లేదు. పడుగు తెలుపు, పేక ఎరుపు అయితే ఆ చుక్క తెల్లగా ఉంటుంది, లేదా ఎర్రగా ఉంటుంది. "సగం ఎరుపు" అనే చుక్కను ఒక్క దారపు దాటులో నెయ్యటం ఎవరి తరమూ కాదు.

పూర్వం నుంచీ నేతగాళ్ళు బొమ్మను ముందు గళ్ళ కాగితం మీద దిద్దుకుంటారు. ఒక గడి అంటే ఒక దాటు, లేదా కొన్ని దారాల గుంపు. ఈ పద్ధతినే యంత్రానికి నేర్పినవాడు ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మరీ జకార్డు. 1804లో ఆయన తయారు చేసిన సాధనంలో దళసరి అట్టలకు బెజ్జాలు ఉంటాయి. బెజ్జం ఉన్న చోట కొక్కెం లేచి, దాంతోపాటు పడుగు దారమూ లేస్తుంది. బెజ్జం లేనిచోట లేవదు. మన మగ్గాల మీద కూడా ఈ జకార్డు పెట్టెలు ఎక్కి చాలా కాలమైంది.

ఒక్కొక్క అట్ట పేక దారం ఒక్క వరసకు సరిపోతుంది. 120 కొక్కేల జకార్డు మీద 120 వరసల పువ్వు నెయ్యాలంటే 120 అట్టలు కావాలి. ఒక్కొక్క అట్ట మీద 120 చోట్ల "బెజ్జమా, కాదా" అని తేల్చాలి. మొత్తం 14,400 తీర్పులు! వాటిలో ఒక్కదానికి కూడా "కొంచెం బెజ్జం" అనే జవాబు పనికిరాదు.

ఇప్పుడు చాలామంది ఆ గళ్ళ కాగితానికి బదులు కంప్యూటరు తెర మీదనే బొమ్మ గీస్తున్నారు. తెరా గళ్ళదే, కాగితమూ గళ్ళదే కనక రెండూ చక్కగా అతుకుతాయి. చిక్కంతా అంచు నునుపు చేసే ఉపాయంతోనే వచ్చింది.

హంసకు ఎన్ని రంగులు?

మీరు 60 గడుల వెడల్పు, 60 గడుల ఎత్తు ఉన్న చోట ఒక ఎర్రని హంసను గీశారనుకోండి. మొత్తం 3,600 గడులు. మీ ఉద్దేశంలో రంగులు రెండే: ఎరుపు, తెలుపు. కాని మీరు వాడిన కుంచె అంచులను నునుపు చేసే కుంచె. హంస మెడ వంపులోనూ, రెక్క అంచునా, ముక్కు కొసనా గులాబి రంగు గడులు వచ్చి చేరతాయి. ఒకటి లేత గులాబి, ఒకటి ముదురు గులాబి, ఇంకొకటి రెంటికీ మధ్య. రంగులు లెక్కపెట్టమని కంప్యూటరును అడిగితే డజన్లకొద్దీ చెబుతుంది.

తెర మీద చూసినంతసేపూ హంస ముద్దుగా ఉంటుంది. అట్టల మీద బెజ్జాలు కొట్టవలసిన వేళకు ఆ గులాబి గడులన్నీ తగవులు పెడతాయి. వీటిని ఎరుపు కింద జమకట్టాలా, తెలుపు కింద జమకట్టాలా?

కంప్యూటరునే తేల్చమంటే అది ఒక గీత గీసి పెట్టుకుంటుంది. సగానికంటె ముదురైతే ఎరుపు, లేతైతే తెలుపు. ఇదేదో న్యాయంగానే ఉన్నదనిపిస్తుంది. కాని హంస కన్ను ఒకే ఒక్క తెల్ల గడి అనుకోండి. దాని చుట్టూ ఉన్న ఎరుపు కలిసి అది గులాబి అయిపోయి ఉంటుంది. తీర్పు ఎరుపు అని వస్తే హంస గుడ్డిదైపోతుంది. కాలి వేళ్ళు ఒక గడి వెడల్పున ఉంటే, అవి రెండు గడుల మీదికి లేతగా పరుచుకుని, రెండూ తెలుపులో కలిసిపోతాయి. హంసకు వేళ్ళు కూడా పోతాయి.

నేతగాడి నష్టం కంప్యూటరులో ఉండదు. అట్టలు కొట్టి, కుట్టి, జకార్డు మీదికి ఎక్కించి, కొన్ని అంగుళాలు నేసిన తరవాతగాని తప్పు కంటపడదు. అప్పుడు ఆ అట్టలు విప్పి కొత్తవి కొట్టాలి. మగ్గం ఆగిపోయిన రోజున ఇంట్లోకి కూలి రాదు. తెర మీద నొక్కవలసిన ఒక చిన్న గుర్తును నొక్కకపోవటం వల్ల ఇంత పని జరుగుతుంది.

ఏటవాలు అంచులంటే నేతగాళ్ళకు భయం లేదు. మీ అమ్మగారి చీర అంచున కోటకొమ్మ ఉంటే దగ్గరగా పట్టుకుని చూడండి. దూరానికి నున్నని ముక్కోణాలు. దగ్గరికి వస్తే ఎన్ని మెట్లో! మెట్లను దాచకుండా, వాటినే అందంగా అమర్చటం నేతలోని విద్య. కనక బొమ్మ గీసేవాడు కూడా ప్రతి మెట్టూ తానే చూసుకుని పెట్టాలి.

నునుపును ఆపటం ఎట్లా?

ఇది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. బొమ్మలు దిద్దే ప్రోగ్రాములు అనేకం ఉన్నాయి. 1990లో వెలువడిన ఫొటోషాప్ డబ్బు కట్టి వాడుకోవలసినది. జింప్ అనేది ఉచితంగా దొరుకుతుంది. దీన్ని అమెరికాలో ఇద్దరు కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టి 1996లో అందరికీ ఇచ్చారు. ఇంట్లో ఉన్న కంప్యూటరులో పెద్దవారి సాయంతో దాన్ని పెట్టుకుని ఈ కిందివి చేసి చూడవచ్చు.

మొదటిది: కుంచె బొమ్మ ఉన్న పనిముట్టును వదిలి, పెన్సిలు బొమ్మ ఉన్నదాన్ని తీసుకోండి. రెండూ గీతలు గీస్తాయి. కుంచె అంచులు నునుపు చేస్తుంది. పెన్సిలు గడిని నిండా నింపుతుంది, లేదా ముట్టుకోదు. దాని పరిమాణం 1 అని పెడితే ఒక్కొక్క గడినీ విడిగా దిద్దవచ్చు.

రెండోది: బొమ్మలో కొంత భాగాన్ని గిరిగీసి పట్టుకునే పనిముట్లు, రంగు ఒలకబోసే డబ్బా, అక్షరాలు రాసే పనిముట్టు, వీటన్నిటి కింద "యాంటీఏలియాసింగ్" అనే చిన్న గడి ఉంటుంది. అందులో టిక్కు ఉంటే తీసెయ్యండి. పక్కనే "ఫెదర్" అనేది ఉంటే అదీ తీసెయ్యండి. అది అంచును ఈకలాగా పలచబరుస్తుంది.

మూడోది: బొమ్మను పెద్దదిగానో, చిన్నదిగానో చేసేటప్పుడు "ఇంటర్పొలేషన్" అని అడుగుతుంది. జింప్‌లో "నన్" అనీ, ఫొటోషాప్‌లో "నియరెస్ట్ నైబర్" అనీ ఎంచుకోవాలి. లేకపోతే మీరు పెన్సిలుతో ఎంత శుభ్రంగా గీసినా, పరిమాణం మార్చటంలో మధ్యరంగులు తిరిగి వచ్చేస్తాయి.

నేతగాడి బొమ్మకు ఈ మూడోది మరీ ముఖ్యం. అంగుళానికి పడుగు దారాలు 80, పేక దారాలు 60 ఉన్నాయనుకోండి. తెర మీద 80 గడుల వెడల్పు, 80 గడుల ఎత్తు ఉన్న గుండ్రని పువ్వు గీస్తే, బట్ట మీద దాని వెడల్పు ఒక అంగుళం, ఎత్తు అంగుళమూ మూడో వంతూ అవుతుంది. పువ్వు కాస్తా కోడిగుడ్డు అయిపోతుంది! కనక బొమ్మ ఎత్తును 60 గడులకు తగ్గించాలి. ఆ తగ్గించటంలో నునుపు చేస్తే రంగులు కలుస్తాయి. నునుపు చెయ్యకపోతే 20 వరసలు పూర్తిగా ఎగిరిపోతాయి. వాటిలో సన్నని గీత ఏదైనా ఉంటే అదీ పోతుంది. అందుచేత తగ్గించిన తరవాత బొమ్మను పెద్దదిగా చూస్తూ చేత్తో మళ్ళీ సరిదిద్దుకోవాలి. ఈ పని మనిషి కన్ను చేసినంత బాగా ఏ మీటా చెయ్యదు.

నాలుగోది: భద్రపరిచేటప్పుడు "జేపెగ్" కాకుండా "పీఎన్‌జీ" రకాన్ని ఎంచుకోండి. జేపెగ్ ఫొటోల కోసం పుట్టినది. జాగా మిగిల్చటానికి అది పక్కపక్క గడుల రంగులను కాస్త కాస్త మార్చేస్తుంది. పీఎన్‌జీ ఇచ్చిన గడిని ఇచ్చినట్టే దాస్తుంది.

పరీక్ష చెయ్యటం సులభం. బొమ్మను ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపించమనండి. అంచుల దగ్గర మధ్యరంగు గడి ఒక్కటి కూడా కనిపించకూడదు. తరవాత రంగు డబ్బా తీసుకుని ఎర్ర హంస మీద నీలం ఒలకబొయ్యండి. హంస అంచున సన్నని ఎర్రని పొర మిగిలిపోయిందంటే ఎక్కడో నునుపు జొరబడిందన్నమాట.

ఇత్తడి రేకు, తండా సూది

జనగామ పక్కనే హైదరాబాదు దారిలో పెంబర్తి ఉన్నది. ఆ ఊరి విశ్వకర్మలు ఇత్తడి రేకుల మీద చేసే నగిషీ పని కాకతీయుల కాలం నాటినుంచీ వస్తున్నదని చెబుతారు. దేవుడి రథాలకూ, గుడి తలుపులకూ, వాహనాలకూ తొడుగులు వారు చేసినవే. రేకును లక్క వంటి మెత్తని దానిమీద ఉంచి, ఉలి పెట్టి సుత్తితో కొడుతూ బొమ్మను తేలుస్తారు.

ఆ రేకు మీద ముందు రూపురేఖ పడుతుంది. గీత ఉన్నచోట ఉలి పడాలి, లేనిచోట పడకూడదు. ఇక్కడ కూడా "సగం గీత" అనేది లేదు. బొమ్మలోని గుండ్రదనం గీత మసకగా ఉండటం వల్ల రాదు, లోహం ఎత్తుపల్లాల వల్ల వస్తుంది. అటువంటి బొమ్మను కంప్యూటరులో గీసి రేకు కోసే యంత్రానికి ఇచ్చారనుకోండి. యంత్రం నలుపు తెలుపుల సరిహద్దు వెంట పోవాలి. అంచు మసకగా ఉంటే సరిహద్దు ఎక్కడో దానికి తెలియదు. ఒకే గీతకు రెండు గీతలు కోసినా కొయ్యవచ్చు. పెళ్ళి సంచుల మీద పేర్లు అచ్చువేసే స్క్రీను అచ్చువారికీ ఇదే బాధ. తెరగుడ్డ గుండా సిరా దిగుతుంది, లేదా దిగదు.

మహబూబాబాద్ జిల్లాలో లంబాడీ తండాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి పెద్ద ఆడవారి రవికెలూ, లంగాలూ చూడండి. అద్దాలు, గవ్వలు, వాటి చుట్టూ చదరాలు, ముక్కోణాలు. కంప్యూటరు పేరు ఎవరూ వినని రోజుల్లోనే వారి ముత్తవ్వలు గుడ్డలోని దారాలను కంటితో లెక్కపెట్టి, ఇన్ని దారాలకు ఒక కుట్టు అని కుట్టారు. ఒక కుట్టు ఒక గడి. ఎర్ర దారం పడ్డచోట ఎరుపు, పచ్చ దారం పడ్డచోట పచ్చ. మెట్లు మెట్లుగా సాగే ఆ కుట్లలో ఉన్న అందం చూస్తే, మెట్లు ఉన్నంత మాత్రాన గీత వికారం కాదని తెలుస్తుంది.

నునుపు ఉండవలసిన చోట

అట్లా అని నునుపును ఎప్పుడూ ఆపెయ్యాలని అనుకోవద్దు. కథలకు వేసే రంగుల బొమ్మలకు అది ఉండాలి. భూపాలపల్లి జిల్లా ఘనపురంలో కాకతీయుల నాటి కోటగుళ్ళు ఉన్నాయి. వాటి ఫొటో తీసి చిన్నదిగా చెయ్యాలంటే నునుపు ఉంచే చెయ్యాలి. లేకపోతే రాతి స్తంభాల అంచులు కొరికినట్టవుతాయి.

అన్నిటికంటె ఎక్కువగా అది మన తెలుగు అక్షరాలకు కావాలి. తెలుగు లిపి అంతా వంపులే. "ప"కూ "వ"కూ తేడా తలకట్టు దగ్గర ఉన్న ఒక చిన్న సందు. "ప"కూ "ఫ"కూ తేడా కింద ఉన్న ఒక చిన్న గీత. అక్షరం పదిహేను గడుల ఎత్తులో ఉన్నప్పుడు నునుపు ఆపేస్తే ఆ సందు పూడిపోవచ్చు, ఆ గీత ఎగిరిపోవచ్చు. అప్పుడు "పాలు" కాస్తా "వాలు" అవుతుంది! జనగామ జిల్లాలోని బమ్మెర పోతన గారి ఊరని చెబుతారు. ఆయన పేరు మీద కంప్యూటరులో "పోతన" అనే అక్షరాలు తయారైనాయి. ఆ అక్షరాలు తెర మీద నిండుగా కనిపిస్తున్నాయంటే, అంచున అద్దిన ఆ లేత రంగు గడుల పుణ్యం కూడా కొంత ఉన్నది.

కనక బొమ్మ మొదలుపెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్ని చివరకు చూసేది కన్నా, లేక చేసేది చెయ్యా? కన్ను చూసి ఊరుకునే బొమ్మ అయితే నునుపు ఉంచండి. దారమో, ఉలో, సూదో, అచ్చుగుడ్డో దాన్ని మళ్ళీ గడి గడికీ చెయ్యవలసి ఉంటే నునుపు ఆపండి.

మగ్గమే నునుపు చేస్తే?

చివరగా ఒక చిత్రమైన సంగతి. పోచంపల్లి, పుట్టపాక చీరల్లో బొమ్మల అంచులు కాస్త ఈకలు ఈకలుగా, మెత్తగా ఉంటాయి. అది ఏ కంప్యూటరు చేసిన నునుపూ కాదు. అక్కడ బట్ట నేసిన తరవాత రంగు వెయ్యరు. ముందే దారాలను ఆసు మీద పోసి, గళ్ళ కాగితం మీది బొమ్మ ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట్ల రబ్బరు పట్టీలతో గట్టిగా కడతారు. దీన్నే చిటికి కట్టటం అంటారు. ఆ తరవాత దారాన్ని రంగులో ముంచుతారు. ఒక్కొక్క రంగుకు మళ్ళీ కట్టటం, మళ్ళీ ముంచటం. గులాబి రంగు గడులతో నిండిన హంస బొమ్మను వారికిస్తే ఏమంటారో ఆలోచించండి!

ఎంత గట్టిగా కట్టినా కట్టు కిందికి రంగు కొంచెం పాకుతుంది. నేసేటప్పుడు దారాలు వెంట్రుక వాసి అటూ ఇటూ జరుగుతాయి. అందుచేత కాగితం మీద కత్తితో కోసినట్టున్న మెట్టు బట్ట మీదికి వచ్చేసరికి మెత్తబడుతుంది. తెర మీద లెక్కలు కట్టి తెచ్చే నునుపును ఇక్కడ రంగూ దారమూ తమంతట తామే తెస్తాయి. ముందే మసకగా గీసిస్తే మసక మీద మసక చేరి బొమ్మ అలుక్కుపోతుంది. కాగితం మీద గీత ఖచ్చితంగా ఉంటేనే బట్ట మీద మెత్తదనం అందమవుతుంది.

ఆసు పోయటమంటే ఒక్క చీరకు చేతిని వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆ పని ఎక్కువగా ఇంట్లో ఆడవారిదే. జనగామ పొరుగున ఉన్న ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు తన తల్లి భుజం నొప్పి చూసి ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. ఇంత శ్రమ తరవాత దారం మగ్గం ఎక్కుతుంది కనకనే, దానికి ముందు గీసే బొమ్మలో ఒక్క గడి కూడా అనుమానంగా ఉండకూడదు.

మీరు చెయ్యండి

గళ్ళ కాగితం మీదనో, కంప్యూటరులో పెన్సిలు పనిముట్టుతోనో ఒక కోటకొమ్మను గీయండి. అడుగు వరసలో 24 గడులు. పై వరసలో అటు ఒకటి, ఇటు ఒకటి తగ్గించి 22. ఆ పైన 20. ఇట్లా చివరి వరసలో 2 గడులు మిగిలేదాకా పోవాలి. గీయటానికి ముందే ఈ మూడు ప్రశ్నలకు జవాబులు చెప్పగలరేమో చూడండి: ఎన్ని వరసలు వస్తాయి? మొత్తం ఎన్ని గడులు దిద్దాలి? నునుపు ఆపి గీస్తే బొమ్మలో ఎన్ని రంగులుంటాయి?

గీసిన తరవాత మీ ఊళ్ళోనో, బంధువుల ఊళ్ళోనో మగ్గం ఉంటే అమ్మానాన్నలతో కలిసి వెళ్ళి, ఆ కాగితం నేతపని చేసే పెద్దవారికి చూపించండి. ఆయన దగ్గర ఉన్న గళ్ళ కాగితాన్ని చూపించమని అడగండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మీ గడికీ ఆయన దారానికీ ఉన్న చుట్టరికం తెలుస్తుంది.

(జవాబులు: 12 వరసలు, 156 గడులు, రెండే రంగులు.)